పంట దిగాక వచ్చే శనివారం

మా విడాకుల తీర్పు ప్రకారం నా కూతురు నెలకు రెండుసార్లు తండ్రి దగ్గరికి వెళ్లాలి. రెండో శనివారం ఒకసారి, నాలుగో శనివారం ఒకసారి. ఆ రోజులే ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ రెండు శనివారాలూ బ్యాంకులకు సెలవు. సెలవు రోజున మగవాళ్లు తీరిగ్గా ఉంటారనీ, తీరిగ్గా ఉన్న తండ్రి కూతుర్ని ప్రేమగా చూసుకుంటాడనీ మా వకీళ్ల లెక్క. ఇద్దరూ కోలారు జిల్లాలోనే పుట్టి పెరిగినవాళ్లు. పట్టుగూళ్లు అమ్మిన డబ్బుతో ఫీజులు తీసుకుంటున్నవాళ్లు. పట్టుపురుగుకు శనివారం, ఆదివారం ఉండవన్న సంగతి ఆ ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

పాప తండ్రిది రాయల్పాడు. వాళ్లకు కొంచెం మామిడి తోట, ఇంటికి సరిపడా రాగులు పండే చేను ఉన్నాయి. మిగిలిందంతా మల్బరీ. మాది కోరమండల్, బంగారు గనుల ఊరు. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గనిలోకి దిగడానికి వచ్చి, గని కూలీల లైన్లలోని రెండు గదుల ఇంట్లోనే పోయాడు. గని మూతపడ్డాక మా అమ్మానాన్నలు అక్కడే ఉండిపోయారు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే మిగిలింది. కాలేజీకి వెళ్లి బీఎస్సీ చదివింది మా ఇంట్లో నేనొక్కదాన్నే. పరీక్షలో పట్టుపురుగు జీవితచక్రం బొమ్మ గీసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ పురుగుల ఇంటికే కోడలిగా వెళ్తానని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

పెళ్లైన కొత్తలో అత్తగారింట్లో నాకు నేర్పినవన్నీ పురుగుల గది మర్యాదలే. పౌడరు రాసుకుని లోపలికి పోకూడదు. తలకు వాసన నూనె పెట్టకూడదు. దోమల చుట్ట ఇంటి మొత్తంలో ఎక్కడా వెలిగించకూడదు. వచ్చిన చుట్టాలు గుమ్మం బయటే మాట్లాడి పోవాలి. పురుగు పాత పొర విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి కదలకుండా పడుకుంటుంది. దాన్ని ఆ వైపు జ్వరం అంటారు. ఒక పంటలో అలాంటివి నాలుగు. నాలుగో జ్వరం దాటితే పురుగు ఆకలికి అంతుండదు. ఇంటిల్లిపాదీ ఆకు కోయడం, తేవడం, వెయ్యడం. అప్పుడు మనుషులకు అన్నం ఎవరు పెడుతున్నారో ఎవరికీ గుర్తుండదు. తర్వాత పురుగు పండుతుంది, ఒళ్లు పసుపు పచ్చగా మెరుస్తుంది. దాన్ని ఏరి, చంద్రికలనే వెదురు తట్టల మీద వేస్తే గూడు కడుతుంది. గూళ్లు దింపి సంతకు తీసుకుపోయాక ఇల్లు కొన్నాళ్లు ఊపిరి తీసుకుంటుంది. మళ్లీ సున్నం, బ్లీచింగు చల్లడం, మళ్లీ కొత్త పురుగులు.

ఇదంతా నేను చేశాను. పని గురించి నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు ఆ ఇంట్లో మాట గురించి. మా ఇద్దరికీ గొడవలు జరగలేదు. గొడవ జరగాలంటే ఇద్దరు మాట్లాడాలి. నేను ఏది అడిగినా అతను ఒకటే చెప్పేవాడు, నాయనను అడుగుతానని. పాపకు బడి ఎక్కడ అంటే నాయన. నేను ఉద్యోగం చేస్తానంటే నాయన. ఒంట్లో బాగాలేదు, ఆస్పత్రికి పోదామంటే కూడా నాయన. ముప్పై దాటిన మగమనిషి, మీసం ఉంది, బండి నడుపుతాడు, ఓటు వేస్తాడు. ఓటు ఎవరికి వేయాలో కూడా నాయనే చెప్పేవాడు. పాపకు నాలుగేళ్లు వచ్చాక నేను బట్టలు సర్దుకుని కోరమండల్‌కు వచ్చేశాను. రావద్దని అతను అనలేదు. ఆ సమయానికి నాయన ఇంట్లో లేడు.

పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నాం. పాప నా దగ్గర ఉండాలి, హక్కులు మాత్రం ఇద్దరికీ సమానం. అప్పగింతలకు ముళబాగిలు బస్టాండు. మా ఊరి నుంచి ఒక బస్సు, వాళ్ల ఊరి నుంచి ఒక బస్సు. వినడానికి అంతా సవ్యంగా ఉంది.

జరిగింది ఇదీ. శుక్రవారం సాయంత్రం పాప సంచి సర్దుకునేది. శనివారం పొద్దున మా అమ్మ దానికి రెండు జడలు వేసేది. బయలుదేరబోయే వేళకు ఫోను వచ్చేది. పురుగు నాలుగో జ్వరంలో ఉందనీ, పాపను ఇప్పుడు తేవద్దని నాయన చెప్పాడనీ. బయటి నుంచి వచ్చే పిల్ల కాళ్లకు, బట్టలకు ఏ రోగం అంటుకుని వస్తుందోనని భయం. పాప పోయి మంచం మీద కూర్చుంటే మా అమ్మ ఆ జడలు విప్పేది. ఇలా ఎన్నిసార్లు జరిగిందో నేను లెక్కపెట్టడం మానేశాను. పురుగుల పక్కన నా కూతురు రోగం మోసుకొచ్చే ఈగలాంటిదని అర్థమయ్యాక ఇంకేం లెక్కపెట్టాలి?

పాపకు ఏడేళ్లు నిండిన ఏడాది చిత్తూరులో ఒక బడిలో నాకు ఉద్యోగం దొరికింది. పై తరగతులకు సైన్సు చెప్పాలి, పాపకు అక్కడే సీటు ఇస్తారు. అప్పటిదాకా నేను చేస్తున్నది మా ఊళ్లో చిన్న బడిలో, ఏ ఏడాది మూస్తారో తెలియని బడిలో. జూన్‌లో బడి తెరిచే రోజుకు చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇస్తామని చెప్పారు. అయితే తీర్పులో ఒక వాక్యం ఉంది. తండ్రి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా, లేదా కోర్టు అనుమతి లేకుండా, పిల్లను ఈ కోర్టు పరిధి దాటించి కాపురం మార్చకూడదు. చిత్తూరు మరో రాష్ట్రం.

అక్కడి నుంచి కూడా ముళబాగిలుకు ఒకే బస్సు. హైవే మీద లారీల వెనక కూర్చుంటే చేరిపోతాం. అప్పగింత చోటు మారదు, రోజులు మారవు, అతని ప్రయాణం ఒక్క అడుగు పెరగదు. మారేది మా బస్సు బోర్డు మీది అక్షరాలు మాత్రమే. ఇది చిన్న పిల్లకు కూడా అర్థమవుతుంది. మా లైన్ల జనానికి కాలేదు. పక్కింటి ఆమె నేను ఏ దుబాయికో పోతున్నట్టు గడ్డం పట్టుకుంది.

“ఆంధ్రాకా? తండ్రిని వదిలి బిడ్డను అంత దూరం తీసుకోపోతారా ఎవురైనా?”

ఆమె ఇద్దరు కొడుకులూ తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి, పిల్లలు నిద్రపోయాక తిరిగి వస్తారు. ఆ పిల్లలకు తండ్రి అంటే ఆదివారం మధ్యాహ్నం మంచం మీద గురక పెట్టే మనిషి. అయినా వాళ్లది ఒకే ఇల్లు కాబట్టి అది సంసారం. మాది రెండు ఇళ్లు కాబట్టి దానిమీద అందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది. ఇంతకాలం నేను అన్నం తిన్నానా అని అడగనివాళ్లు కూడా తండ్రి ప్రేమ గురించి ఉపన్యాసాలు ఇచ్చారు.

రాయల్పాడు నుంచి వకీలు ద్వారా జవాబు వచ్చింది. అతను ఒప్పుకోలేదు. పిల్ల తండ్రి ప్రేమకు, పితృవంశపు సంస్కృతికి దూరమవుతుందని రాశారు. ఆ మాటలు అతనివి కావు, అతని నాయనవి కూడా కావు. ఏ వకీలు కంప్యూటర్లోనో ఉన్న పాత అక్షరాలు. అయినా ఆ కాగితాన్ని రెండోసారి చదివాను. నవ్వుకుంటూనే భయపడటం నాకు అలవాటైపోయింది. ఎవరో జడ్జి పాపను కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరి దగ్గర ఉంటావమ్మా అని అడుగుతాడేమో. అది చెప్పులు ఊపుకుంటూ, నోటికొచ్చిన పేరు చెప్పేస్తుందేమో. కేసు నడుస్తూ ఉండగానే జూన్ వచ్చేస్తుందేమో. ఉద్యోగం వదులుకోవాలా, పాపను అమ్మ దగ్గర విడిచి నేనొక్కదాన్నే పోవాలా? రెండో ఆలోచన వచ్చిన ప్రతిసారీ లేచి పాప మీద దుప్పటి సర్దేదాన్ని. మే నెలలో దుప్పటి ఎందుకని అది కాళ్లతో తన్నేసేది.

కోర్టు మమ్మల్ని మధ్యవర్తి దగ్గరికి పంపింది. ఆమె వయసు మళ్లిన వకీలు. కాగితాలు కన్నడలో రాసినా, మాతో తెలుగులోనే మాట్లాడింది. నేను అరగంట ముందే పోయి కూర్చున్నాను. తలుపు తీసుకుని లోపలికి వచ్చింది అతను కాదు, వాళ్ల నాయన. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు. మధ్యవర్తికి దండం పెట్టి, నా ఎదురుగా అతని కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె కాగితం చూసి, తల ఎత్తి, మీరెవరని అడిగింది.

“వాని నాయననమ్మా. వానికి తీరల్యా, పురుగు పండింది. ఇంట్లో ఒక చెయ్యి తగ్గినా కష్టం. నేనొచ్చినాను కదా, ఇంగ మాట్లాడుకుందాం.”

“కేసు మీది కాదు కదప్పా. పిల్ల తల్లిదండ్రులు మాట్లాడుకోవల్ల.”

“వానికి నేను చెప్పిందే.”

“పెండ్లి చేసుకున్నది మీరా, ఆయనా?”

“చేసింది నేనే కదమ్మా,” అన్నాడు పెద్దాయన, ఏమాత్రం తడబడకుండా.

ఊరి పంచాయితీకి ఇంటి పెద్ద పోతే సరిపోతుంది. కొడుకు రచ్చగట్టు కింద నిలబడి తల ఊపుతాడు. కోర్టును కూడా ఆయన అలాగే అనుకున్నాడు. పిల్ల గురించిన మధ్యవర్తిత్వానికి కొడుకుకు బదులు తండ్రి హాజరు కావడం ఆయనకు వింతగా తోచలేదు. నాకూ తోచలేదు. అదే నన్ను కాల్చింది. ఆ ఇంట్లో అన్నేళ్లు నేను కాపురం చేసింది ఎవరితోనో ఆ గదిలో ఒక పరాయి మనిషి ఒక్క ప్రశ్నతో తేల్చేసింది.

ఆయన పోతూ పోతూ నిజం కూడా చెప్పేశాడు. పాపను చిత్తూరు కాదు, యాడికైనా తీసుకోపోనీ అనీ, పురుగు ఉన్నప్పుడు మాత్రం పంపకుండా ఉంటే చాలనీ. అంతదానికి వకీలు చేత వంశం, సంస్కృతి అని ఎందుకు రాయించారని మధ్యవర్తి అడిగింది. వకీలు రాసుకున్నాడు, మాకేం తెలుసు అన్నాడు. ఆయన మాట కోర్టులో చెల్లదనీ, కొడుకే రావాలనీ ఆమె వాయిదా వేసింది. జూన్ ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

తర్వాతి వాయిదాకు అతను వచ్చాడు. గోళ్ల చుట్టూ ఆకు పసరు నల్లగా అట్టకట్టి ఉంది. మధ్యవర్తి అతన్ని అడిగినవన్నీ చిన్న ప్రశ్నలే. పాపను ఎందుకు ఇన్నిసార్లు తేవద్దన్నావు? పురుగు. ఈ ఏడాది మిగతా శనివారాలు తీసుకుంటావా? పురుగు ఉంటే కష్టం. లేకుంటే? లేకుంటే తీసుకుంటా. మరి పురుగు ఎప్పుడు ఉండదు? అప్పుడు మాత్రం అతను కుర్చీలో ముందుకు జరిగాడు. గూళ్లు దింపి సంతకు వేసినాక, మళ్లీ చాకీ పురుగు, అంటే పిల్ల పురుగు, తెచ్చేలోపల, అని చెప్పాడు. ఇల్లు కడిగి, సున్నం వేసి, ఖాళీగా పెట్టుకుంటామని. పాపకు గూళ్లు ఒలిచేది ఇష్టమని కూడా చెప్పాడు. నాకు ఆ సంగతి తెలియదు. తెలియనట్టు కనపడకుండా కిటికీ వైపు చూశాను.

మధ్యవర్తి కాగితం మీద రెండో శనివారం, నాలుగో శనివారం కొట్టేసింది. పంట దిగి గూళ్లు అమ్మాక వచ్చే శని, ఆదివారాలు పాప తండ్రి దగ్గర ఉంటుంది, తండ్రి ముందుగా ఫోను చేస్తాడు, తల్లి ముళబాగిలు బస్టాండుకు తెస్తుంది అని రాసింది. నా వకీలుకు అది ఏమాత్రం నచ్చలేదు. తేదీ లేని ఒప్పందం ఏమి ఒప్పందం అని నా చెవిలో గొణిగాడు. తేదీలు ఉన్న ఒప్పందం ఇన్నాళ్లూ ఏం చేసిందో ఆయన చూడలేదు, విప్పిన జడలు ఆయన చూడలేదు. నేను సంతకం పెట్టాను. అతను పెన్ను పట్టుకుని గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. మధ్యవర్తి వేలితో చోటు చూపించింది, పెట్టాడు. చిత్తూరుకు అనుమతి అదే కాగితంలో ఉంది.

జూన్‌లో చేరాను. బడికి దగ్గర్లో మేడ మీద ఒక గది, వంటకు మూల. అమ్మ కూడా మాతో వచ్చింది. పాప తెలుగు మాటలకు తోటి పిల్లలు మొదట నవ్వారు, తర్వాత వాళ్లే ‘ల్యా’ అనడం మొదలుపెట్టారు. అక్కడ నాకు కొత్త అవమానం ఒకటి మొదలైంది. ఏ పురుగులను వదిలించుకుని రాష్ట్రం దాటానో, ఇప్పుడు ఆ పురుగుల కోసమే కేలెండరు చూడాల్సి వచ్చింది. ఏ శనివారం బడిలో ప్రత్యేక తరగతి పెట్టినా నేను సరే అనే ముందు మనసులో లెక్క వేసుకునేదాన్ని, ఇప్పుడు ఎన్నో జ్వరమని. పరీక్షల పర్యవేక్షణ రోజులు పట్టుపురుగును బట్టి మార్చుకోవాలని హెడ్‌మాస్టరుకు ఎవరు చెబుతారు?

కానీ మొదటి పంటకు ఫోను వచ్చింది. రెండో పంటకూ వచ్చింది. ఏ ఒక్క శనివారమూ రద్దు కాలేదు. పాప సంచి సర్దుకుంటే సర్దుకున్నట్టే వెళ్లింది. గోళ్లలో పట్టు పీచుతో తిరిగి వచ్చింది.

వానలు పట్టాక మూడో పంట ఫోను రాలేదు. ఒక పంట పట్టే కాలం దాటింది, ఇంకొంచెం దాటింది. నేను చేయలేదు. పాప గురించి నాకున్న భయమంతా అతని దగ్గరికి పోయే దారిలోనే ఉంటుంది, బస్సులు, లారీలు, అక్కడి నీళ్లు. అది ఇంట్లో ఉంటే నాకు హాయిగానే ఉంది. “పంట ఇంకా దిగల్యామ్మా?” అని పాప రెండు మూడుసార్లు అడిగింది. అమ్మ మాత్రం సూటిగా చెప్పింది.

“గమ్మున ఉండు. కాయితం నీ పక్కనే ఉంది. ఇంకో రెండు పంటలు ఇట్ల పోతే వాడే మరిచిపోతాడు, పాపా మరిచిపోతుంది.”

అమ్మ చెప్పింది అక్షరాలా జరుగుతుందని నాకు తెలుసు. అతన్ని నేను బాగా ఎరుగుదును. తోసేవాళ్లు లేకపోతే ఎక్కడ పెట్టిన వస్తువు అక్కడే ఉంటుంది. పాప కూడా అడగడం ఎప్పుడో మానేస్తుంది, పిల్లలు మానేస్తారు. కొన్నేళ్ల తర్వాత ముళబాగిలు అంటే దానికి ఏదో బస్సు దారిలో ఊరు. నా తప్పు ఎక్కడా ఉండదు. ఆ సుఖం ఎంత తేలిగ్గా చేతికి అందిందో చూసి నాకు రోత పుట్టింది. ఆ మర్నాడు బడి విరామంలో వరండాలో నిలబడి ఫోను చేశాను.

పురుగంతా పాల రోగం వచ్చి పోయిందని చెప్పాడు. ఒక్క గూడు కూడా కట్టలేదట. తీసి గుంతలో వేసి సున్నం చల్లి పూడ్చారట. గొంతు తేలికగానే ఉంది, వాతావరణం గురించి చెబుతున్నట్టు.

“మరి పాపను ఎందుకు అడగల్యా?” అన్నాను. అతనితో మాట్లాడితే నాకు ఆ యాస దానంతటదే వస్తుంది.

“పంట దిగల్యా కదా. కాయితంలో అట్లనే కదా రాసింది.”

మోసం చేద్దామని కాదు, తప్పించుకుందామని కాదు. పంట దిగాక అన్నారు, పంట దిగలేదు, కాబట్టి కూతురు లేదు. అతనికి అది అంత సూటిగా ఉంది. ఇన్నేళ్లూ నాయన మాట, ఇప్పుడు కాగితం మాట. ఎవరైనా ఒకరు చెబితే తప్ప కన్నబిడ్డను చూడాలని ఉందో లేదో కూడా తెలియని మనిషి. మూడేళ్లుగా ఈ మనిషికి భయపడి నిద్ర పోగొట్టుకున్నాను. ఈ మనిషి సంతకం కోసం కోర్టు మెట్లు ఎక్కాను.

“శనివారం తెస్తున్నాను. వచ్చి తీసుకోపో.”

“నాయనను...” అని ఆగాడు. ఫోనులో ఎక్కడో ఆవు అరిచింది. “వస్తాలే,” అన్నాడు.

శనివారం మేము చేరేసరికి అతను బస్టాండులో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పాప పోయీ పోగానే పురుగులు ఎట్ల చచ్చిపోయినాయని అడిగింది. అతను గొంతుక్కూర్చొని, పురుగు ఒళ్లు ఉబ్బి, పాలలాగా కారి పోయిందని చేతులతో చూపిస్తూ చెప్పాడు. ఏడేళ్ల పిల్లకు చెప్పే మాటలా అవి అనుకున్నాను. పాప మాత్రం ఏ గుంతలో పూడ్చినారు, నాకు చూపిస్తావా అని అడిగింది. చూపిస్తా అన్నాడు. నా చేతిలోంచి సంచి తీసుకుని, ఎప్పుడు తెచ్చి వదలాలని అడిగాడు. ఆదివారం సాయంత్రం అన్నాను. ఈ వారం కాగితంలో లేదు కదా అంటాడేమోనని చూశాను. అనలేదు.

వాళ్లు పోయాక నాకు భయం పట్టుకుంది. ఈ అప్పగింత ఏ కాగితంలోనూ లేదు. రేపు తేకపోతే నేను ఏ వాక్యం చూపించి ఎవరిని అడగాలి? నా వకీలు ముఖం గుర్తొచ్చింది. ఆ రాత్రి చిత్తూరుకు పోలేదు. ముళబాగిలులో తెలిసిన టీచరు ఇంట్లో ఉండి, ఆదివారం మధ్యాహ్నానికే వచ్చి బస్టాండు బెంచీ మీద కూర్చున్నాను. రాయల్పాడు వైపు నుంచి వచ్చిన ప్రతి బస్సునూ లేచి చూశాను.

చీకటి పడకముందే దిగారు. పాప చెప్పులకు సున్నం, చేతిలో ఒక సీతాఫలం. అతను సంచి నాకిచ్చి, కొంచెంసేపు బస్సుల బోర్డులు చదివాడు. ఆ తర్వాత, నా వైపు చూడకుండానే అన్నాడు.

“వచ్చే శనివారం కూడా పురుగు ల్యా. పాపను తెస్తావా?”

పెళ్లయినప్పటి నుంచి అతను తనకు కావాలని నన్ను అడిగిన మొదటి మాట అది. దానికి ఒక పంట మొత్తం చచ్చి, గుంతలో పడాల్సి వచ్చింది. అతని మీద గౌరవం లాంటిదేదీ నాలో కదలలేదు. ఇప్పటికీ లేదు. చిత్తూరు బస్సు కండక్టరు విజిలు వేస్తుంటే పాపను ముందు ఎక్కించి, మెట్టు మీద నిలబడి, తెస్తానన్నాను.